మగ్గం గుంతలో రైలు

పొద్దున దీపం పెట్టి ఇంకా పీట మీది నుంచి లేవలేదు, ఫోను మోగింది. సిరిసిల్ల నుంచి మా తమ్ముడి కొడుకు రమేశ్. ఆ వేళకు వాడు చేశాడంటే ఏదో చెడు కబురేననుకున్నాను. తీరా చూస్తే వాడి గొంతులో నవ్వుంది. నడిమింట్లో పిల్లర్ కోసం తవ్వుతుంటే మనిషి నడుము లోతున గూనపెంకులు వరసగా బోర్లించి కనిపించాయట. లంకెబిందెలేమోనని కూలీలు పలుగులు పక్కన పెట్టి చేతులతో మట్టి తీశారట. తీస్తే తుప్పుపట్టిన ఇనుప పట్టీలు, వాటి మీద ఒక చిన్న ఇంజను. "నాన్న చూసి నవ్విండు అత్తా. గది మీ అత్తది, చిన్నగున్నప్పుడు తాతతోని రైలాట ఆడుకునేదట, ఫోన్ జేసి చెప్పు అన్నడు. రేపు కాంక్రీటు పోస్తున్నం. చూస్తనంటె పొద్దుగాలనే రా," అన్నాడు.

రైలాట. ఆ మాట రోజంతా పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. వాళ్ల తప్పేం లేదు. మా తమ్ముడు అప్పుడు ఉయ్యాల్లో ఉన్నాడు. వాడికి తెలిసిందంతా విన్నదే, విన్నదాంట్లో ఆట ఒక్కటే మిగిలింది. మిగతాది మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. నేనూ అనలేదు. దేవుడు నాకు తిండికి, గుడ్డకు, నీడకు లోటు చేయలేదు. ఉన్నదానికి దండం పెట్టుకోవడం మా తాత నేర్పిన మొదటి పాఠం. పోయినదాన్ని ఏం చేయాలో ఆయన నేర్పలేదు. ఆ పాఠం దాకా మేం రానే లేదు.

మర్నాడు కోరుట్లలో మొదటి బస్సే ఎక్కాను. కథలాపూర్, రుద్రంగి దాటి వేములవాడ వచ్చేసరికి అలవాటుగా రాజన్న గుడి దిక్కు చేతులు జోడించాను. ఆ గుడి నుంచి సిరిసిల్ల దాకా ఉన్న ఆ చివరి ముక్క దారి మాత్రం నాకు ఎన్నేళ్లయినా మానని దెబ్బలా సలుపుతుంది. ఎందుకో చెబుతాను. దానికి ముందు మా నడిమిల్లు ఎట్లా ఉండేదో చెప్పాలి.

నడిమింట్లో అడుగు పెట్టగానే గంజి వాసన వచ్చేది. పడుగు నూలుకు పట్టించడానికి అవ్వ, మా అమ్మ, పొద్దున్నే గంజి కాస్తే ఆ పుల్లటి వాసన మధ్యాహ్నం దాకా గోడలను వదిలేది కాదు. దాని మీద తాత చుట్ట పొగ. గది సగం మగ్గమే. గుంత మగ్గం ఎట్లా ఉంటుందో ఇప్పటి పిల్లలకు తెలియదు. నేసే మనిషి నేల మీదే కూర్చుంటాడు, కాళ్లు మాత్రం నేలలో తవ్విన చదరపు గుంతలోకి దిగి ఉంటాయి. అక్కడి తొక్కుడు చెక్కల్ని ఒకటి మార్చి ఒకటి తొక్కితే పైన పడుగు, అంటే నిలువు పోగులు, రెండు పాయలుగా విడిపోతుంది, ఆ సందులోంచి పేక పోగు ఉన్న నాడె అటు నుంచి ఇటు దూకుతుంది. ఇందాక పైనున్న పోగు ఇప్పుడు కిందికి, కిందున్నది పైకి. బట్టంటే అంతే. మా ఇంట్లో దేవుడి గూటి తర్వాత అంతటిది ఆ గుంత. చెప్పులతో దాని అంచు దాటకూడదు, ఊడ్చిన చెత్త దాంట్లో పడకూడదు. తాత పొద్దున దిగేముందు అంచు మట్టిని వేలితో తాకి కళ్లకద్దుకునేవాడు. సాయంత్రం లేచేటప్పుడు మళ్లీ అంతే.

ఆ అంచే నా బడి. నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టే చేతులు ఇంట్లో కావాలని బాపు, అంటే మా నాన్న, నన్ను బడికి పంపలేదు. అయితే చదువు ఇంట్లోనే నేను చెబుతా అన్నాడు తాత. ఆయనకు మాత్రం ఏం చదువు, భజన పుస్తకాలు చదివి చదివి వచ్చిందే. ఆయన నేస్తుంటే నేను అంచున రాట్నం పెట్టుకుని కండెలు చుట్టేదాన్ని. నాడె అటు దూకినప్పుడు ఆయన ఒక అక్షరం అనేవాడు, ఇటు దూకినప్పుడు నేను అనేదాన్ని. రాయడమంతా చాటలో పోసిన ఇసుకలో. గుణింతాలు, ఒత్తులు, ఎక్కాలు అన్నీ మగ్గం చప్పుడు మీద నడుచుకుంటూ వచ్చాయి నాకు. మగ్గం చప్పుడు చిన్నది, మనిషి మాటను మింగదు. ఆ సంగతి తర్వాత తెలిసింది. భిన్నాలు మొదలుపెట్టినప్పుడు ఆయన చెయ్యి చాపి చూపించాడు, మూరలో సగం జాన, జానలో మూడో వంతు బెత్త అని. భిన్నాలంటే మనిషి చేతిలోనే ఉన్నాయని తెలిసి నాకు పండగైంది.

అప్పటికే మా వాడకట్టులో సాంచాలు దిగుతున్నాయి. సాంచా అంటే కరెంటు మగ్గం. పక్కింటి సాంచా ఒక పూటలో నేసే బట్టను తాత వారమంతా నేసేవాడు. మెల్లమెల్లగా ఆయనకు నూలు ఇచ్చేవాళ్లు లేకుండా పోయారు. మగ్గం మీద పడుగు లేదు. అయినా తాత పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, అంచు తాకి మొక్కి గుంతలోకి కాళ్లు వేసుకుని కూర్చునేవాడు. నేయడానికేం లేదు కాబట్టి నాకు ఇంకా ఎక్కువసేపు చదువు చెప్పేవాడు. అవ్వకు ఇది నవ్వు తెప్పించేది, బాపుకు చిరాకు తెప్పించేది. బాపు రెండు సాంచాలు కొనడానికి మాట్లాడుకుని వచ్చాడు. అవి పెట్టాలంటే నడిమిల్లు కావాలి, నడిమిల్లు కావాలంటే గుంత పూడ్చాలి. ఆ మాట ఎత్తినప్పుడల్లా తాత నా చాట దగ్గరికి జరుపుకుని ఇంకో లెక్క ఇచ్చేవాడు.

ఆ ఎండాకాలమే మా చిన్నాయిన, అంటే బాపు తమ్ముడు, భీవండి నుంచి వచ్చాడు. అక్కడ సాంచాల మీద పనిచేసేవాడు. బొంబాయిలో పాత సామాన్ల బజారులో ఎవరో దొరల పిల్లలు ఆడి పారేసిన చావి ఇంజను, రెండు డబ్బాలు, మూరెడు పట్టాలు దొరికితే నాకని తెచ్చాడు. కీ లాంటి చావి తిప్పితే ఇంజను కీచుమంటూ పోయేది. నేను అంతకు ముందు రైలు చూడలేదు. సిరిసిల్లలో అప్పటికి ఎవరు చూశారు గనుక? చిన్నాయిన గుంత అంచున కూర్చుని బొంబాయి రైళ్ల కథలు చెప్పేవాడు. ఇండ్ల మీంచి, బజార్ల మీంచి స్తంభాల మీద పోయే రైళ్లు ఉంటాయన్నాడు. కొన్ని దేశాల్లో అయితే భూమి లోపలి నుంచే పోతాయన్నాడు.

"లోపలంటె?" అన్నాడు తాత.

"లోపలంటె లోపలనే నాయిన. ఊరు మీద, రైలు కింద."

తాత తన కాళ్ల దిక్కు చూసుకున్నాడు. "మనకు గుంత ఉండనే ఉన్నది గద," అన్నాడు.

అట్లా మొదలైంది. నేను ముగ్గు పిండితో నేల మీద గీసేదాన్ని, తాత చుట్ట కాలుస్తూ దిద్దేవాడు. కింది లైను గుంతలో, నేల లైను మగ్గం చుట్టూ, మీది లైను మగ్గం గుంజల మీంచి దూలం మీదుగా. పొద్దున అవ్వ ఊడ్చేసేది, సాయంత్రం మళ్లీ గీసేదాన్ని. ఒక మధ్యాహ్నం బాపు అన్నం తిని చేతులు కడుక్కోవడానికి లేస్తూ ఆ ముగ్గును చూశాడు. ఏమిటని అడిగితే చిన్నాయిన అంతా వివరించాడు. బాపు చాలా సేపు నవ్వాడు. నవ్వు వచ్చినప్పుడు ఆయన మంచి మనిషే.

"గుంతలకెల్లి ఎక్కి, దూలం మీదికెల్లి పోయి, మల్ల గుంతల దిగుతదా గది? చెయ్యి తగలకుంట? గట్ల గిన తిరిగితె నీ గుంత జోలికి రాను నాయిన. సాంచాలు ముందటింట్ల ఏస్కుంట."

"మాటనా?" అన్నాడు తాత.

"మాటనే."

"చావి ఇచ్చుడు చెయ్యి తగిలినట్టు కాదే అన్నా," అన్నాడు చిన్నాయిన. "అసలు రైలుకు బొగ్గు ఎయ్యరా ఏంది?"

బాపు ఒప్పుకున్నాడు. చావి ఇవ్వొచ్చు, చేత్తో నూకడం మాత్రం లేదు. తాత వెంటనే దేవుడి గూటి దిక్కు తిరిగి, రైలు తిరిగితే వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లిస్తానని మొక్కుకున్నాడు. బాపు దానికీ నవ్వాడు. చేతులు కడుక్కుంటూ, కోడె రైలును గుంజుతుందేమో అన్నాడు.

ఆ రోజు నుంచి అది నాకు ఆట కాకుండా పోయింది. ఆ గుంత ఉంటే నా చదువు ఉంటుంది, గుంత పోతే నా చదువు పోతుంది. ఇంత స్పష్టంగా నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. పట్టాలకు కొత్త ఇనుము కొనలేదు. నూలు బేళ్లకు కట్టి వచ్చే సన్నటి ఇనుప పట్టీలు వాడలో ఎక్కడ చూసినా పడి ఉండేవి. వాటిని నిలువుగా నిలబెట్టి, వెదురు బద్దలకు గాట్లు పెట్టి బిగించాడు చిన్నాయిన. గుంత అడుగున సొరంగానికి పాత ఇంటి గూనపెంకులు బోర్లించాం. అవి పుట్టినప్పటి నుంచీ సొరంగాలే, మేం కొత్తగా చేసిందేం లేదు. తాత కాళ్లు పెట్టుకునే చోటు మాత్రం వదిలేశాం. రైలు ఆయన పాదాల చుట్టూ తిరిగి, అక్కడ ఆగి, ఆయన చావి ఇస్తే మళ్లీ బయల్దేరాలి. ఆ స్టేషన్‌కు కాళ్లూరు అని పేరు పెట్టాడు చిన్నాయిన.

అంతా కట్టాక రైలు తిరగలేదు. ఒకసారి కాదు, ఎన్నిసార్లు చావి ఇచ్చినా మూడో ఎక్కుడు దగ్గర ఇంజను కీచుకీచుమని అరిచి ఆగిపోయేది, వెనక్కి జారేది. చిన్నాయిన ముగ్గును మళ్లీ గీయించి చూసి తల పట్టుకున్నాడు. రెండు లైన్లు ఎక్కడ ఒకదాన్నొకటి దాటినా, నేనూ తాతా ఒకసారి ఇది మీంచి, ఇంకోసారి అది మీంచి వచ్చేటట్టు గీశాం. అంటే ఒకే రైలు గజానికోసారి ఎక్కాలి, గజానికోసారి దిగాలి. గీసేటప్పుడు అది తప్పని మాకు తోచనే లేదు. దాటే చోట పోగులు ఒకటి మార్చి ఒకటి పైకి రాకపోతే బట్ట నిలవదు గదా. నేతగాళ్లు తప్ప ఇంకెవరూ అట్లాంటి రైలు గీయరేమో.

"రైలేమన్న పేక పోగా నాయిన, మీదికి కిందికి ఆడెటందుకు?" అన్నాడు చిన్నాయిన. "బొంబాయిల మీదికెల్లి పొయ్యేది మీదనే పోతది. కిందికెల్లి పొయ్యేది కిందనే."

తాత ముగ్గు గీతల దిక్కు వంగి చూశాడు. చుట్ట ఆరిపోయింది.

"గట్లయితె కిందున్నది ఎప్పటికీ కిందనేనా?"

"కిందనే."

"గది బట్ట కాదు మరి," అన్నాడు తాత. అని, మీది లైనును తన చేతులతోనే విప్పడం మొదలుపెట్టాడు.

ఎక్కుడును ఎట్లా తగ్గించాలో తోచక రెండు రోజులు కూర్చున్నాం. ఆ దారి నాకు కండె చుట్టేటప్పుడు దొరికింది. కండె మీద నూలు ఒక్కసారిగా పైకి ఎక్కదు. చుట్టు తిరుగుతూ, తిరిగిన ప్రతిసారి వెంట్రుకంత పైకి జరుగుతూ, మనకు తెలియకుండానే పై కొసకు చేరుతుంది. రైలు కూడా గుంత నాలుగు గోడల వెంట చుట్లు చుట్లుగా తిరుగుతూ పైకి రావచ్చు గదా అన్నాను. చిన్నాయిన నా నెత్తి మీద ఒక్కటి మొట్టి, "గిది నడుస్తది బిడ్డా," అన్నాడు. తాత కొలత పెట్టాడు, మూరకు వేలెడు మించి ఎక్కకూడదని. నేల మీదికి వచ్చాక గది గోడల వెంట మేకులు కొట్టి అదే ఎక్కుడుతో దూలం దాకా తీసుకుపోయాం. మూరలో వేలెడు ఎంత భాగమో తాత నాతోనే లెక్క కట్టించాడు. చేత్తో కొలిచి, ఇసుకలో రాసి, తుడిచి, మళ్లీ రాసి కట్టాను. నేను పూర్తిగా నేర్చుకున్న చివరి లెక్క అదే.

రైలు తిరిగింది. గూనపెంకుల కింది నుంచి బయటికి వచ్చి, తాత కాళ్ల దగ్గర ఆగి, చావి తాగి, గుంత గోడల వెంట చుట్లు తిరుగుతూ పైకొచ్చి, గోడల వెంట పాకి, తాత తల మీది దూలం దాటి, మళ్లీ నేల మీదుగా గుంతలోకి దిగింది. బాపు గడపలో నిలబడి చూశాడు. వాడకట్టు పిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని వేలాడారు. అవ్వ గంజి దించడం మరిచిపోయి అడుగంటించింది. రైలు గుంతలోకి దిగి ఆగాక బాపు, "తిరిగింది తీ," అన్నాడు. అంతే, కండువా దులుపుకుని బయటికి పోయాడు. మాట నిలిచిందనే మేం అనుకున్నాం. కన్నకొడుకుని మళ్లీ అడిగి ఖాయం చేసుకోవాలని తాతకు ఎందుకు తోస్తుంది?

చిన్నాయిన భీవండి బస్సెక్కాడు. మొక్కు బాకీ ఉంచకూడదని తాత నన్ను తీసుకుని వేములవాడ బయల్దేరాడు. అవ్వ రొట్టెలు, కారప్పొడి, అటుకులు, రెండు పూటలకు కాదు, నాలుగు పూటలకు సరిపడా మూట కట్టింది. "తొందరేం లేదు మామా. గుడికాడ నిద్రజేసి మెల్లగ రాండ్రి," అంది. మూట ఇంత బరువేమిటని నేను సణిగాను కూడా. గుళ్లో కోడె తాడు తాత ముందు పట్టుకున్నాడు, చివర నేను పట్టుకున్నాను. గుడి చుట్టూ తిప్పి తెచ్చి కట్టేశాక తాత కళ్లు తుడుచుకున్నాడు. ఆ రాత్రి గుడి మంటపంలో పడుకున్నప్పుడు, రేపు ఇంటికి పోగానే భిన్నాల కూడికలు మొదలుపెడదామన్నాడు. అంత తృప్తిగా నేను ఇంకెప్పుడూ నిద్రపోలేదు. ఇప్పుడు తలచుకుంటే నాకు చేదు పుట్టించేది ఆ నిద్రే. మేం దేవుడికి చేతులు జోడించి మేలు చేశావని చెప్పుకుంటున్న ఆ పూటనే ఎంచుకున్నారు మా ఇంట్లోవాళ్లు.

తిరిగొచ్చేసరికి వాకిట్లోనే తడి మట్టి వాసన తగిలింది. నడిమిల్లు నున్నగా ఉంది. మగ్గం లేదు, గుంత లేదు, గోడల మీద మేకులు కూడా లేవు. గుంత ఉన్న చోట అవ్వ పేడతో అలికి, దాని మీద ముగ్గు పెట్టింది. చాలా అందమైన ముగ్గు. నేను రైలు గీసిన పిండి డబ్బాలోంచే తీసి పెట్టింది. తాత గడప దగ్గర చెప్పులు విడిచి, గుంత అంచు ఉండాల్సిన చోటికి వచ్చి, వంగి తాకబోయి ఆగిపోయాడు. ఎక్కడ తాకాలో తెలియలేదు ఆయనకు.

బాపు లోపలి నుంచి వచ్చాడు. ఒక్క క్షణం మా ఇద్దరినీ చూసి, "ఉత్తగ పూడ్చలే నాయిన. కొబ్బరికాయ కొట్టే పూడ్చిన," అన్నాడు.

ఇంజను ఏమైందని నేను అడిగితే తీసి పెట్టమని కూలీలకు చెప్పానని, మరిచిపోయినట్టున్నారని అన్నాడు. పళ్లెంలో కొబ్బరిచిప్ప పెట్టి ప్రసాదమని మా ముందుంచాడు. తాత దాన్ని తీసుకుని కళ్లకద్దుకుని నా చేతిలో పెట్టాడు. దేవుడి పేరున కొట్టింది కాబట్టి వద్దనలేకపోయాడు. నేను తిన్నాను. తియ్యగానే ఉంది. ఆ తియ్యదనం మీదే నాకు ఇప్పటికీ కోపం.

తర్వాత సాంచాలు వచ్చాయి. అవి మొదలైన పూట నుంచి మా ఇంట్లో మాటలు ఆగిపోయాయి. ఎవరికైనా ఏదైనా కావాలంటే చేతులు ఊపడమే. అన్నానికి పిలవాలంటే నోటి దగ్గర వేళ్లు పెట్టి చూపించడమే. తాత అక్షరం అంటే నాకు వినపడేది కాదు, నేను అంటే ఆయనకు వినపడేది కాదు. చాటలో ఇసుక సాంచాల అదురుకు తనంతట తానే సాఫయ్యేది, రాసింది నిలిచేది కాదు. రెండు సాంచాలకు కండెలు కావాలి, నా చేతులకు తీరిక లేదు. తాతకు కూడా ఒక రాట్నం ఇచ్చి కూర్చోబెట్టారు. మంచం మీద కూర్చుని కండెలు చుడుతుంటే కింద ఆయన రెండు పాదాలు ఒకటి మార్చి ఒకటి గాలిని తొక్కుతుండేవి. చూసి పిల్లలు నవ్వేవారు. ఆయన పోయే దాకా ఆ పాదాలు ఆగలేదు. తాత ఉండగానే మళ్లీ వచ్చినప్పుడు చిన్నాయిన నడిమింట్లో నిలబడి నేల దిక్కు చూసి, "కిందిది కిందనే పోయింది నాయిన," అని మాత్రం అన్నాడు. సాంచాల చప్పుడులో తాతకు వినపడలేదనుకుంటాను. నాకు వినపడింది.

బాపును తిట్టడానికి ఇది రాయడం లేదు. ఆ సాంచాలే మాకు అన్నం పెట్టాయి, తమ్ముణ్ని చదివించాయి, నన్ను కోరుట్లలో మంచి ఇంటికి పంపాయి. మా ఆయన గల్ఫ్‌లో ఉన్న ఏళ్లలో నేను సరుకుల చీటీ చదువుకోగలిగాను, ఆయనకు ఉత్తరాలు రాయగలిగాను, పొద్దున్నే పాడుకోవడానికి నాలుగు భజనలు సొంతంగా కట్టుకోగలిగాను. తాత నేర్పినంత మేరకు దేవుడికి రుణపడి ఉన్నాను. కానీ భిన్నాల కూడికలు నాకు ఈ రోజుకీ రావు. ఎవరైనా నేర్పుతామన్నా కూర్చోబుద్ధి కాలేదు. కోరుట్లకు రైలు వచ్చిన కొత్తలో ఎవరికీ చెప్పకుండా జగిత్యాలకు టికెట్ కొనుక్కుని ఎక్కాను. కిటికీ పక్కన కూర్చుని నేల ఎంత ఎక్కుతుందో చూస్తూ పోయాను. మూరకు వేలెడు కాదు గదా, గోరంత కూడా ఎక్కలేదు. జగిత్యాలలో దిగి, చెట్టు కింద కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తిని, తిరుగు బండికి ఇంటికొచ్చాను. ఎక్కడికి పోయావని మా ఆయన అడిగితే గుడికన్నాను.

సిరిసిల్లలో ఇల్లు గుర్తు పట్టలేనట్టుంది. సాంచాలను కిలోల లెక్కన పాత ఇనుముకు అమ్మేశారు. వాటిని ముక్కలు కోస్తుంటే చప్పుడు వినలేక మా తమ్ముడు రెండు రోజులు బయట తిరిగాడట. అన్నేళ్ల సాంచాల హోరుకు వాడికి ఎట్లాగూ చెవులు సరిగా వినపడవు, అయినా. ఇప్పుడు సిరిసిల్లకు రైలు వస్తుందంటున్నారు, స్టేషన్ పడితే కిరాయికి అడిగేవాళ్లుంటారని రమేశ్ అంతస్తులు లేపుతున్నాడు. రైలు వస్తుందనే ఆ రైలును తవ్వారన్నమాట. ఇంజనును కిరోసిన్‌తో తుడిచి టీవీ పక్కన అద్దాల బీరువాలో పెట్టాడు. చావి తిరగదు. రమేశ్ కూతురు దాంతో ఫోటో దిగి అందరికీ పంపింది. నాకూ చూపించి, "దీంతోని మీరు ఎట్ల ఆడుకునేటోళ్లు నానమ్మా?" అని అడిగింది. మర్చిపోయాను తల్లీ అన్నాను.

నడిమింట్లో గుంత దగ్గరికి పోయాను. పిల్లర్ కోసం పాత గుంత కన్నా లోతుగా తవ్వారు, కానీ ఒక పక్కన గోడకు ఆనుకుని గూనపెంకులు ఇంకా నాలుగైదు ఉన్నాయి, పగలకుండా. వాటి ముందు కొంచెం ఎత్తుగా, గట్టిగా ఉన్న మట్టి. కాళ్లూరు. చెప్పులు విడిచి, వంగి, అంచును వేలితో తాకి కళ్లకద్దుకున్నాను. మేస్త్రీ నన్ను చూసి తనూ చెప్పులు విడిచాడు, ఎందుకో తెలియకుండానే. బయట కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతోంది. రమేశ్ పళ్లెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పెట్టుకుని వచ్చి నా చేతికిచ్చాడు. ఇంటి ఆడబిడ్డను, పూజలు చేసేదాన్ని, నా చెయ్యి మంచిదని వాడి నమ్మకం. "నీ చేతి మీదికెల్లి కొట్టు అత్తా. పోసేస్తరు ఇగ," అన్నాడు.

కాయ బరువుగా ఉంది. పీచు తీసి పసుపు రాశారు. పక్కనే రాయి ఉంది. పెంకుల దిక్కు చూశాను, మా తమ్ముడి దిక్కు చూశాను. వాడు కుర్చీలో కూర్చుని నన్నే చూస్తున్నాడు, పాపం, ఏమీ తెలియని ముఖంతో.

"దీనికి ఒకసారి కొట్టిన్రు రమేశా," అన్నాను.

"ఎవలు?"

"మీ తాత. ఒక గుంతకు రెండుసార్లు కొట్టద్దు."

"గట్ల నియమం ఉంటదా అత్తా?"

"మనింట్ల ఉంటది."

పూజలూ పునస్కారాలూ తెలిసిన మనిషిని కదా, ఎవరూ ఎదురు చెప్పలేదు. మేస్త్రీకి మాత్రం మనసొప్పక జేబులోంచి ఒక నిమ్మకాయ తీసి కాలి కింద పెట్టి తొక్కాడు. కాంక్రీటు పోశారు. పెంకులు ఒకటొకటిగా మునిగాయి. నేను చివరిదాకా నిలబడి చూశాను, ఈసారి ఊళ్లోనే ఉన్నాను గనుక.

కాయను సంచిలో వేసుకుని సాయంత్రం బస్సులో కోరుట్లకు వచ్చాను. వేములవాడ దగ్గర బస్సు ఆగినప్పుడు చేతులు జోడించలేదు, ఒడిలో కాయ ఉంది. ఇంటికొచ్చి దాన్ని దేవుడి గూట్లో ఒక పక్కన పెట్టాను. ఇంకా అక్కడే ఉంది. మొదట్లో ఊపితే నీళ్లు గలగలమనేవి, ఇప్పుడు ఆ చప్పుడు తగ్గింది. లోపల కొబ్బరి ఎండి కుడుక అవుతున్నట్టుంది. రోజూ దీపం పెట్టి, దేవుడు ఇచ్చినవన్నీ ఒక్కొక్కటీ చెప్పుకుని ఆయనకు దండం పెట్టుకుంటాను. కొట్టని కాయను గూట్లో ఎందుకు పెట్టావని ఆయన అడగడు. నేనూ చెప్పను.